కార్తీకానికి ఊరొస్తున్నావంట

ఒరేయ్ చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, కార్తీకమాసం నెల్లాళ్ళూ వర్క్ ఫ్రం హోం పెట్టుకుని మన ఊరింట్లో ఉంటావని, తెల్లారగట్ల నాలుగింటికి లేచి గోదావరి స్నానం చేసి భాగవతం మొత్తం చదివేస్తావని, రోజుకి ఎన్ని పద్యాలో లెక్కేసి ఎక్సెల్ షీటు కూడా పెట్టుకున్నావని. ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, మన ఇంట్లో మళ్ళీ ఒకడికి ఆ పుస్తకం తియ్యాలని బుద్ధి పుట్టింది కదా అని. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నీ భక్తి గురించి కాదు, ఆ రేవు గురించి.

అందుకని ముందు అదే చెప్పేస్తా. నువ్వు అపార్ట్‌మెంట్ పూల్‌లో నేర్చుకున్నది ఈత కాదు. కార్తీకానికి వరద ఎర్రనీరు పోయి గోదారి తేటగా ఉంటుంది, అడుగు కనిపిస్తుంది, కనిపిస్తుంది కాబట్టే లోతు లేదనుకుంటారు. పైగా మనది సముద్రానికి దగ్గర, పోటుకి నీళ్ళు ఎక్కుతాయి పాటుకి దిగుతాయి, నిన్న నువ్వు ఆరిన కాళ్ళతో నిలబడ్డ మెట్టు ఇవాళ నీళ్ళలో ఉంటుంది, దాని మీద పాచి. చీకట్లో ఒక్కడివీ దిగావంటే నేను ఆటో ఎక్కి వచ్చేస్తా, చెప్తున్నా. ఐదింటికి ఆడాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదలడానికి గుంపుగా వెళ్తారు, వాళ్ళ వెనకాలే వెళ్ళు, పై మెట్టు మీద నిలబడి చెంబుతో పోసుకో. నిండా మునగలేదని దేవుడేం మార్కులు తగ్గించడు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, మార్కుల సంగతి నాకు తెలుసు.

నాలుగింటికి లేవాలంటే తొమ్మిదిన్నరకి పడుకోవాలి, అంతే, దానికి వేరే మంత్రం లేదు. ఫోను వసారాలో ఛార్జింగ్ పెట్టి లోపల పడుకో. సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఏమీ తిననని అన్నావంట, సరే, కానీ ఖాళీ కడుపు మీద నాలుగు కాఫీలు తాగడం ఉపవాసం కాదు గ్యాస్ ట్రబుల్. మజ్జిగ తాగు. దోమతెర బీరువాలో కింది అరలో ఉంది.

ఇంక ఆ ఎక్సెల్ షీటు. దాని గురించే అసలు ఈ ఉత్తరం.

నువ్వు అప్పటికి పుట్టలేదు. 96 నవంబర్ తుఫాను కోనసీమ మీద పడ్డ రాత్రి మన తోటలో కొబ్బరి చెట్లు చాలామటుకు విరిగి పడిపోయాయి, కొన్ని వేళ్ళతో సహా లేచొచ్చేశాయి. అవన్నీ మా మావగారు చేత్తో పాతినవి. మళ్ళీ మొక్క పెడితే కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్ళు, ఆయనకి అప్పటికే డెబ్భై. ఆ తర్వాత ఆయన తోటకి వెళ్ళడం మానేశారు. పొద్దున్న అరుగు మీద కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేవడం. మర్సటి ఏడు కార్తీకంలో, ఇల్లు మళ్ళీ నిలబడాలని నేను భాగవతం మొక్కుకున్నా. తొమ్మిది వేల దాకా పద్యాలూ వచనాలూ కదా, ముప్పై రోజులకి రోజుకి మూడొందలు, నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకున్నా, నీలాగే.

మొదటి నాలుగు రోజులు పైకి చదివా. మావగారికి చదువు రాదు, రెండో క్లాసులోనే మాన్పించేశారంట, కానీ పద్యం ఒకటికి రెండుసార్లు వింటే నోటికి వచ్చేసేది. కుర్చీ జరుపుకుని నా పక్కకి వచ్చేవారు, "అమ్మా, ఆ ముక్క ఇంకోసారి చదువు" అనేవారు. ఐదో రోజుకి రెండొందల పద్యాలు వెనకబడిపోయా. పైకి చదివితే గొంతు పోతోంది, స్కూలు టైం అయిపోతోంది, సరే అని మనసులో చదవడం మొదలెట్టా. ఆయన వచ్చి కూర్చునేవారు, నా పెదాలు చూసేవారు. ఎనిమిదో స్కంధం రోజు, ఏనుగు మడుగులో దిగిన దగ్గర, "కాస్త బయటికి చదువమ్మా" అన్నారు. "లెక్క తప్పిపోతుంది మావయ్యగారూ" అన్నా, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

మర్నాడు కుర్చీ లేదు. వెతికితే పక్కింటి అరుగు మీద ఉంది. వాళ్ళ పిల్లాడికి అదే కథ స్కూల్లో పాఠం, పరీక్షకి బట్టీ పడుతున్నాడు, వత్తులు తప్పుతూ, ఊపిరి ఎక్కడ పడితే అక్కడ తీసుకుంటూ చదువుతున్నాడు, ఈయన కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆ కథ ఆయనకి తెలీక కాదురా, తెలీని వాడెవడు. నాకు సిగ్గేసింది, సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది, అదీ నిజమే. కోపంతోనే ముప్పై రోజుల్లో పూర్తి చేశా. ఊరంతా మెచ్చుకున్నారు, చక్రపొంగలి పంచాం. ఆయన దొన్నె అందుకుని, "మొత్తం అయిపోయిందా అమ్మా, మంచిది" అన్నారు, అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు పైకి చదువుతానని కూర్చున్నా, "నీకు పనులుంటాయి కదమ్మా" అని లేచి వెళ్ళిపోయేవారు. ఇంకో ఆరేళ్ళు బతికారు.

ఆ నెల చదివిన తొమ్మిది వేలలో నాకు ఒక్కటి గుర్తు లేదు. ఆ పిల్లాడు తప్పుల తడకగా చదివిన నాలుగు పద్యాలు మాత్రం అదే యాసతో చెవిలో ఉన్నాయి.

కాబట్టి ఆ షీటు తీసెయ్యమనను, తీసెయ్యవు కూడా, మొండి వెధవ్వి, మీ అమ్మ పోలిక. రోజుకి మూడొందలు కాదు ముప్పై పెట్టుకో. అరుగు మీద కూర్చో, గదిలో కాదు, పైకి చదువు. పాలు పోసే అతను నిలబడతాడు, ఎదురింటి మామ్మగారు వినపడక "ఏంటబ్బాయ్" అని అరుస్తారు, నువ్వు ఆగి మళ్ళీ చదవాలి. విసుక్కోకు. పోలిపాడ్యమికి మూడో స్కంధం కూడా దాటకపోతే ఏం కొంపలు మునిగిపోవు, వచ్చే కార్తీకం ఉంది. ఎనిమిదో స్కంధం మాత్రం నేను లేకుండా మొదలెట్టకు, కంటి ఆపరేషన్ అయ్యాక నాకు చిన్న అక్షరాలు కనపట్టంలేదు, ఫోన్ చేసి స్పీకర్లో పెట్టు.

తాళం చెవి పాలతని దగ్గర ఉంది. గ్యాస్ బండ నిండుదే, రెగ్యులేటర్ కొంచెం లూజు, గట్టిగా నొక్కి తిప్పాలి, తిప్పాక సబ్బు నీళ్ళు రాసి చూడు. రేవులో మూడో మెట్టు పగిలింది, ఎడం పక్క నుంచి దిగు.

మీ పెద్దమ్మ