శిఖర్జీ కొండకు ఉపవాసంతో వెళ్తే షుగర్ మాత్రల సంగతేంటి?

ప్రశ్న: మేం సుల్తాన్‌బజార్‌లో ఉంటాం. మా అత్తగారికి 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఉదయం, సాయంత్రం భోజనంతో వేసుకుంటారు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. డిసెంబరులో జైనుల పుణ్యక్షేత్రమైన సమ్మేద్ శిఖర్జీ యాత్రకు వెళ్తున్నాం. చౌవిహార్ (పొద్దు వాలాక అన్నపానాలు ముట్టని నియమం) పాటిస్తూ, చెప్పులు లేకుండా, డోలీ ఎక్కకుండా కొండ చుట్టి రావాలన్నది ఆమె పట్టుదల. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. కొండపై ఊపిరి ఆడదని, ఎత్తు ప్రదేశాల్లో వాడే డయామాక్స్ మాత్రలు, ఆక్సిజన్ డబ్బా తీసుకెళ్లమని బంధువులు చెబుతున్నారు. అవి అవసరమా?

జవాబు: అవసరం లేదు. శిఖర్జీ ఉన్నది జార్ఖండ్‌లోని గిరిడీహ్ జిల్లా పారస్‌నాథ్ కొండపై, దాని ఎత్తు సుమారు 1,365 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటిన చోట్ల మొదలవుతుంది. పైగా డయామాక్స్ మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది కాబట్టి, నీళ్లు తాగకుండా ఎక్కే మనిషికి అది మేలు కన్నా కీడే చేస్తుంది. కొండపై ఆయాసం వస్తే గాలి పలచబడిందని సరిపెట్టుకోకుండా, గుండె సంగతి ఆలోచించాలి. షుగర్ ఉన్నవారిలో గుండె జబ్బు ఛాతీనొప్పి లేకుండా ఆయాసంగానే బయటపడవచ్చు. అందుకే ప్రయాణానికి నెల ముందే ఈసీజీ, కిడ్నీ పరీక్ష, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) చేయించండి. రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కలేకపోతున్నారంటే గుండె వైద్యుణ్ని చూడకుండా బయలుదేరవద్దు.

నన్ను కలవరపెడుతున్నది ఆ ఉపవాసం, దానితో పాటు వేసుకునే గ్లిమెపిరైడ్. చౌవిహార్ ప్రకారం సూర్యాస్తమయం తర్వాత నీళ్లు కూడా ముట్టరు. డిసెంబరులో అక్కడ సాయంత్రం 5 గంటలకల్లా పొద్దు వాలుతుంది. కొండ కింది ఊరైన మధుబన్ నుంచి తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో బయలుదేరితే, సూర్యోదయమయ్యాక మరో 48 నిమిషాలు గడిచి నవకార్‌సీ (అప్పటిదాకా ఏమీ ముట్టని నియమం) పూర్తయ్యేసరికి 7 దాటుతుంది. అప్పటికి ఆమె చీకట్లో, చలిలో, చుక్క నీరు లేకుండా నాలుగు గంటలు ఎక్కి ఉంటారు. కొండంతా పవిత్రమని భావించి చాలామంది కిందికి దిగేదాకా ఏమీ తినరు. ఎక్కడం 9 కిలోమీటర్లు, పైన టోంకులన్నీ (తీర్థంకరుల పాదాలున్న చిన్న గుడులు) దర్శించుకోవడం 9, దిగడం 9 అనుకుంటే, మధ్యాహ్నం 2 దాటాక తినే ముద్దకూ ముందు రోజు తిన్న ముద్దకూ మధ్య 20 గంటల పైమాటే.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. తిన్నా తినకపోయినా క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది, దాని ప్రభావం దాదాపు రోజంతా నిలుస్తుంది. మరోవైపు ఎక్కుతున్న కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను లాగేసుకుంటాయి. షుగర్ పడిపోతున్నప్పుడు చెమట, గుండెదడ, వణుకు, నీరసం కనిపిస్తాయి. కొండ ఎక్కేవారందరికీ ఇవి ఎలాగూ ఉంటాయి కదా! అందుకే పక్కనున్నవారు గమనించరు. ఆమె మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు.

వ్రతం మాటేమిటని ఆమె అడగవచ్చు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన చెబితే తెలిసింది, వ్రతం పట్టేటప్పుడు చదివే పచ్చక్ఖాణ పాఠంలోనే ‘సవ్వసమాహివత్తియాగారేణం’ అనే మినహాయింపు ఉందట. ఆరోగ్యం చెడి మనసు నిలకడ తప్పే స్థితిలో మందు తీసుకుంటే వ్రతభంగం కాదని దాని భావం. దీని గురించి నాకన్నా మీ గురుమహారాజ్ చెప్పడమే న్యాయం. ఆయన మాటను ఆమె కాదనరు.

ముందు రోజు సాయంత్రం, కొండెక్కే రోజు ఉదయం గ్లిమెపిరైడ్ మోతాదును తగ్గించాలా, మానాలా, మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచాలా అన్నది మీ వైద్యుడు ఆమె రిపోర్టులు చూసి కాగితంపై రాసి ఇవ్వాలి. బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా మూత్రం ద్వారా నీటిని బయటకు పంపుతుంది కాబట్టి ఆ ఉదయం దాన్నీ మార్చాలేమో అడగండి. మీ అంతట మీరు మానేయవద్దు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్ర ఈలోగా కొత్తగా చేర్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. దీర్ఘ ఉపవాసంలో దానివల్ల రక్తంలో కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పెరిగే ప్రమాదం ఉంది. దిగి వచ్చిన రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు, కాబట్టి పడుకునే ముందు ఒకసారి చూడండి.

చెప్పుల విషయంలో నేను రాజీపడలేను. పదేళ్ల షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే, రాయి గుచ్చుకున్నా ఆమెకు తెలియదు. మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగుతో చేసే స్పర్శ పరీక్ష ఐదు నిమిషాల పని. స్పర్శ తగ్గిందని తేలితే దారంతా తోలు వాడని గుడ్డ బూట్లు వేసుకుని, టోంకుల దగ్గర మాత్రమే విడిచి, తిరిగి వేసుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి.

మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఇప్పటి నుంచే వారానికి మూడు రోజులు మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేయండి, వీలైతే ఒకటి రెండుసార్లు గోల్కొండ కోట బాలాహిస్సార్ దాకా తీసుకెళ్లండి. రెండు చేతికర్రలు వాడితే మోకాళ్లపై భారం తగ్గుతుంది. అన్నిటికన్నా ఎత్తున ఉన్న పార్శ్వనాథ్ టోంక్ దర్శనమయ్యాక దిగేటప్పుడైనా డోలీ ఎక్కేలా బయలుదేరకముందే ఒప్పించండి. అలసిపోయాక కొండ మీద జరిగే వాదనలో మీరు గెలవలేరు.

తిరిగొచ్చాక నెల రోజుల్లోపు ఎవరికి చలిజ్వరం వచ్చినా జార్ఖండ్ వెళ్లొచ్చామని వైద్యుడికి చెప్పి, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించండి.