రోడ్డు పక్క మిద్దె మీద టమాటా ఆకుల మచ్చలు
గాల్లో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) పెరిగితే మొక్కలకి మంచిదేగా, మరి మా టమాటా ఆకులెందుకు పాలిపోతున్నాయి అనడిగారు కదండీ. ఒకప్పుడు 280 పీపీఎం (గాలి పది లక్షల పాళ్లలో 280 పాళ్లు) ఉండేది ఇప్పుడు 420 దాటింది, దాంతో వరి, టమాటా లాంటివి కాస్త ఏపుగా పెరుగుతాయన్నది నిజమే (జొన్న, మొక్కజొన్నకి పెద్ద తేడా ఉండదు, పైగా బియ్యంలో జింకు, ఐరన్ తగ్గుతాయట, అదో గోల), కానీ బండ్ల పొగ ఎండకి ఓజోన్‌ అనే వాయువుగా మారి ఆకు రంధ్రాల్లోంచి దూరి లోపల కాల్చేస్తుంది. ముందు ఆకు తిప్పి చూడండి, అడుగున సాలెగూడు లాంటి సన్నటి గూడు, కదిలే చుక్కలుంటే అది నల్లి (ఆకు రసం పీల్చే చిన్న పురుగు), పొల్యూషన్ కాదు. ముదురాకుల్లో పైవైపే, ఈనెల మధ్య సన్న చుక్కలుంటే ఓజోన్ అనుమానించొచ్చు, దానికి కుండీ జరిపి లాభం లేదు, ఊరంతా ఉంటుంది. వేలితో రుద్దితే నల్లగా అంటుతోందా? అది దుమ్మే, పొద్దున్నే పైపుతో ఆకులు కడిగేయండి, నేను వారానికి రెండుసార్లు అదే చేస్తున్నా.