ఈ మేలో కాదు, వచ్చే మేలో యూరప్

ప్రశ్న: నా వయసు 27. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొండాపూర్‌లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాను. సొంతూరు ఖమ్మం. నెలకు చేతికి 1,12,000 వస్తుంది. అద్దెలో నా వాటా 17,000. తిండి, సరుకులు, క్యాబ్‌లు 22,000. ఇంటికి 20,000 పంపుతాను. సిప్ (ఫండ్లలో నెలనెలా పెట్టుబడి) 10,000. రెండేళ్లలో థాయ్‌లాండ్, వియత్నాం చూసొచ్చాను. వియత్నాం కోసం తీసుకున్న లోన్ ఈఎంఐ 9,400, ఇంకా ఐదు నెలలుంది. క్రెడిట్ కార్డు మీద 84,000 బాకీ, నెలనెలా మినిమమ్ 4,200 కడుతున్నాను. మ్యూచువల్ ఫండ్లలో 1,60,000, బ్యాంకులో 60,000 ఉన్నాయి. మార్చిలో బోనస్ 1,40,000 దాకా వస్తుంది. ఈ మేలో 15 రోజుల్లో యూరప్‌లో నాలుగు దేశాలు చూడాలని ఒక ట్రావెల్ ఏజెన్సీకి 10,000 టోకెన్ కట్టాను. ప్యాకేజీ 2,85,000. 12 నెలల నో కాస్ట్ (వడ్డీ లేని) ఈఎంఐ ఇస్తామంటున్నారు. పైగా 14,250 పన్ను ఉందట. మిగతా ఖర్చులకు ఇంకో 75,000 అనుకుంటున్నాను. ఒక వారం అక్కడి నుంచే పని చేస్తే లీవులు మిగులుతాయని ఆలోచన. నాన్నకు 58, షుగర్ ఉంది. అమ్మకు 53. ఇద్దరికీ నా కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీయే ఆధారం. 'జీతమంతా తిరుగుళ్లకే పోస్తున్నావు, కాస్త బంగారమైనా కొనుక్కోవే' అని అమ్మ రోజూ అంటుంది. వెళ్లనా, మానుకోనా?

జవాబు: వెళ్లండి. కానీ ఈ మేలో కాదు, వచ్చే మేలో. ఇరవై ఏడేళ్ల వయసులో సొంత సంపాదనతో ప్రపంచం చూడాలనుకోవడం తప్పని నేను అనను. మోకాళ్లు సహకరించే రోజుల్లో చూసిన ఊళ్లు వేరు, రిటైరయ్యాక చూసేవి వేరు. మీ ప్రయాణాల్లో నాకు కనబడిన ఇబ్బంది ఒక్కటే. మీరు ముందు వెళ్లొచ్చి, తర్వాత కడుతున్నారు. వియత్నాం నుంచి వచ్చేసినా ఆ ట్రిప్ ఇంకా మీ జీతంలోంచి తింటూనే ఉంది.

మా అమ్మ కాశీ, గయ వెళ్లాలని మా వీధిలో ఇరవై నెలల చీటీ కట్టింది. మధ్యలో పాడుకోమని ఎంతమంది చెప్పినా పాడలేదు, ఆఖరి నెల దాకా ఆగింది. చీటీ సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మొదట్లోనే పాడుకున్నవాళ్లు తగ్గించుకుని తీసుకుంటారు, చివరిదాకా ఆగినవాళ్లు అంత తగ్గించుకోకుండా తీసుకుంటారు, మిగతావాళ్ల తగ్గింపుల్లో వాటా కూడా డివిడెండ్‌గా చేరుతుంది. డబ్బు అదే, నెలవారీ కట్టేదీ అంతే, ఎప్పుడు తీసుకున్నారన్నదే తేడా. మీరు రెండుసార్లు మొదటి నెలలోనే పాడుకున్నారు. మూడోసారి చివరిదాకా ఆగమని నా మాట.

ముందు కార్డు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది యూరప్ కాదు, ఈ 84,000. కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం వడ్డీ మామూలు రేటు. అంటే నెలకు 2,940, దాని మీద 18 శాతం జీఎస్టీ 529, మొత్తం 3,469. మీరు కడుతున్న 4,200లో అసలుకు జమయ్యేది 731 రూపాయలు మాత్రమే. రోజుకు దాదాపు 115 రూపాయలు ఎవరికీ తెలియకుండా పోతున్నాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, బాకీ పూర్తిగా తీర్చకుండా మినిమమ్ మాత్రమే కడుతున్నంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు. ఈరోజు కార్డు గీకి కొన్న సరుకుల మీద కూడా ఈరోజు నుంచే వడ్డీ.

అందుకే మొదటి పని, ఫండ్లలోంచి 84,000 తీసి కార్డు మొత్తం కట్టేయండి. సిప్ ముట్టుకోకూడదని చాలామంది అంటారు, నేనూ మామూలుగా అదే అంటాను. కానీ ఏ ఫండూ ఏటా 42 శాతం ఖాయంగా ఇవ్వదు, మీ కార్డు మాత్రం ఏటా అంత ఖాయంగా తీసుకుంటుంది. ఏడాది దాటిన యూనిట్లే అమ్మండి. సాధారణంగా ఎగ్జిట్ లోడ్ (తొందరగా అమ్మితే కోసే రుసుము) తప్పుతుంది, ఈక్విటీ ఫండ్లలో ఏడాదికి 1,25,000 దాకా దీర్ఘకాలిక లాభం మీద పన్ను కూడా ఉండదు. నెలవారీ సిప్ 10,000 మాత్రం ఆపకండి.

మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 82,600. జీతంలో ఇంకా 29,400 మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. గత మూడు నెలల యూపీఐ చెల్లింపులు తెరిచి ఒక ఆదివారం కూర్చోండి. పది నిమిషాల డెలివరీలు, వారాంతపు బిల్లులు, వాడని సబ్‌స్క్రిప్షన్లు, అన్నీ బయటపడతాయి. తిట్టుకోవడానికి కాదు, ఆ డబ్బుకు ఒక పేరు పెట్టడానికి.

కార్డు తీరితే ఆ 4,200 కూడా చేతిలో ఉంటుంది. అంటే ఫిబ్రవరి నుంచి నెలకు 33,600. అందులో పది వేలు మీ ఇష్టం, లెక్క అడగను. 13,600 అత్యవసర నిధికి, పది వేలు యూరప్‌కు. జూన్‌తో వియత్నాం ఈఎంఐ అయిపోతుంది, జులై నుంచి ఆ 9,400 కూడా యూరప్ ఖాతాకే మళ్లించండి. జీతం పడిన మర్నాడే ఆటోమేటిక్‌గా వెళ్లిపోయేలా రికరింగ్ డిపాజిట్ పెట్టుకోండి. ఈ డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టకండి. ఏడాదిలో తీయాల్సిన డబ్బుకు మార్కెట్ తగిన చోటు కాదు.

వచ్చే ఏడాది ఏప్రిల్ చివరికి లెక్క ఇలా తేలుతుంది. మొదటి ఐదు నెలలు 50,000. తర్వాత పది నెలలు 19,400 చొప్పున 1,94,000. వచ్చే ఏడాది మార్చి బోనస్‌లో సగం, 70,000. మొత్తం 3,14,000. మీరనుకున్న 3,60,000 కన్నా తక్కువే, కాబట్టి 15 రోజులకు బదులు 11 రోజులు, నాలుగు దేశాలకు బదులు రెండు. నాలుగు దేశాల ప్యాకేజీలో సగం రోజులు బస్సు కిటికీలోంచే గడిచిపోతాయని వెళ్లొచ్చినవాళ్లు చాలామంది నాతో అన్నారు. జీతం పెరిగితే ఇంకో రెండు రోజులు కలుపుకోండి, ఆ పెంపును నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఏడాది ఆగితే ధరలు పెరగవా అంటే పెరగొచ్చు. 2014లో 60 చుట్టూ ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. యూరో వంద పైనే ఉంది. అందుకే విమానం టికెట్లు, హోటళ్లు వచ్చే ఏడాది జనవరి, ఫిబ్రవరిలోనే బుక్ చేసుకోండి. అప్పటికి ఖాతాలో డబ్బుంటుంది. ఎంత పెరిగినా ఈఎంఐ, కార్డు కలిసి తినేంత పెరగదని మాత్రం నమ్మండి. ఈ మేలో వెళితే ప్యాకేజీ ఈఎంఐ 23,750, మిగిలేది నెలకు 5,650. పైఖర్చు 75,000 కార్డు మీదకే వెళ్తుంది, బాకీ లక్షన్నర దాటుతుంది. నో కాస్ట్ అన్న మాటను కూడా ఒకసారి పరీక్షించండి. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని అదే ఏజెన్సీని అడగండి. తగ్గింపు చెప్పారంటే, ఆ తగ్గింపే మీ వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ ఎలాగూ విడిగా పడతాయి.

ఆ 14,250 మీరు భయపడినట్టు పోయే డబ్బు కాదు. అది టీసీఎస్, విదేశీ టూర్ ప్యాకేజీ మీద ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా పది లక్షల లోపు ప్యాకేజీకి 5 శాతం ఉండేది, మీకు చెప్పింది 2,85,000 మీద సరిగ్గా ఆ లెక్కే. మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. అప్పటిదాకా ఆగాల్సిన పని కూడా లేదు. 2024 అక్టోబరు నుంచి ఉద్యోగులు టీసీఎస్ వివరాలు కంపెనీకి ఇస్తే జీతం మీద కోసే టీడీఎస్‌లో తగ్గిస్తారు. ఈ రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి కాబట్టి మీరు కట్టే నాటికి ఎంత ఉందో ఇన్‌వాయిస్‌లో చూసుకోండి. ఇక ఎల్‌టీఏ (కంపెనీ ఇచ్చే ప్రయాణ భత్యం) మీద ఆశ వద్దు, విదేశీ ప్రయాణానికి అది వర్తించదు.

వీసా దగ్గర చాలామంది జారిపోతారు. షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) ఫీజు 90 యూరోలు, అంటే తొమ్మిది వేల పైమాటే, సర్వీసు చార్జీలు వేరు. తిరస్కరిస్తే తిరిగి రాదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, రిటర్నులు, కంపెనీ నుంచి లీవు లెటర్, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ అడుగుతారు. బ్యాలెన్స్ చూపించడానికి స్నేహితుల దగ్గర రెండు లక్షలు చేబదులు తీసుకుని ఖాతాలో వేసుకునే అలవాటు మన ఊళ్లో ఉంది. అది చేయకండి. దరఖాస్తుకు వారం ముందు హఠాత్తుగా పడ్డ సొమ్ము ఎవరికైనా అనుమానం కలిగిస్తుంది. నెలనెలా పెరుగుతూ వచ్చిన మీ పొదుపే మీకు మంచి సాక్ష్యం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి మే ప్రయాణానికి నవంబరు, డిసెంబరులోనే అపాయింట్‌మెంట్ల వేట మొదలుపెట్టండి.

అక్కడి నుంచి పని చేయడం గురించి ఒక్కమాట. మీరు వెళ్లేది పర్యటన వీసా మీద, అది ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చేది కాదు. కంపెనీ ల్యాప్‌టాప్‌తో వేరే దేశం నుంచి లాగిన్ అయితే డేటా నిబంధనలు, పన్ను చిక్కులు కంపెనీకి కూడా వస్తాయి. రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఆలోచనే వద్దు. పైగా మేలో పారిస్ మనకన్నా మూడున్నర గంటలు వెనక. ఇక్కడ ఉదయం పది గంటలకు మీ స్టాండప్ (రోజువారీ చిన్న మీటింగు) ఉంటే, అక్కడ అది ఉదయం ఆరున్నరకు. అంత డబ్బు పోసి వెళ్లి హోటల్ గదిలో మీటింగుల్లో కూర్చోవడానికా? ఈ ఏడాది లీవులు దాచుకోండి, వచ్చే ఏడాదికి ఎన్ని కలుపుకోవచ్చో హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడగండి.

అక్కడ ఖర్చు పెట్టేటప్పుడు మామూలు క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీ మీద అదనపు చార్జీ) వేస్తాయి, జీఎస్టీతో 4.13 శాతం. లక్షకు 4,130. మార్కప్ లేని కార్డో, ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డో చూసుకోండి. దుకాణంలో 'రూపాయల్లో తీసుకోమంటారా' అని మెషిన్ అడిగితే యూరోనే నొక్కండి, రూపాయి నొక్కితే వాళ్ల రేటు మీ నెత్తిన పడుతుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు అసలే తీయకండి.

ఇప్పుడు అమ్మగారి మాట. ఆవిడ బంగారం అంటున్నారు, నాకు మాత్రం అందులో 'నీకేదైనా అయితే ఎలా' అన్న దిగులు వినిపించింది. ఆ దిగులు న్యాయమైనదే. మీ నాన్నగారికి షుగర్, ఇద్దరి వైద్యమూ మీ ఉద్యోగానికి ముడిపడి ఉంది. ఉద్యోగం మారినా, పోయినా ఆ రోజుతో ఆ రక్షణ ఆగిపోతుంది. ఈ మార్చి బోనస్‌లో 60,000 వాళ్ల సొంత హెల్త్ పాలసీకి పక్కన పెట్టండి, ఇద్దరు ముగ్గురి దగ్గర కోట్ తీసుకుని పోల్చుకోండి. షుగర్ సంగతి దాచకుండా రాయండి. దాస్తే ఆస్పత్రిలో పడుకున్న రోజున క్లెయిమ్ తిరస్కరిస్తారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ గడువు పెట్టొచ్చు. ఆ గడియారం పాలసీ తీసుకున్న రోజునుంచే నడుస్తుంది, అందుకే యూరప్ ఏడాది ఆగొచ్చు గానీ ఇది ఆగకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

బోనస్‌లో మిగిలిన 80,000, బ్యాంకులో ఉన్న 60,000, నెలకు 13,600 చొప్పున పదిహేను నెలలు కలిపితే వచ్చే ఏడాది ఏప్రిల్‌కు అత్యవసర నిధి 3,44,000. అద్దె, తిండి, ఇంటికి పంపేది కలిపి మీ నెల ఖర్చు 59,000, అంటే దాదాపు ఆరు నెలలకు సరిపోతుంది. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి, ఈసారి ఖమ్మం వెళ్లినప్పుడు అమ్మగారి ముందు పెట్టండి. బంగారం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

టోకెన్ పది వేల గురించి. వచ్చే ఏడాది ప్రయాణానికి బదిలీ చేయమని ఏజెన్సీని మెయిల్‌లో అడగండి, ఫోన్లో కాదు, జవాబు రాతలో ఉండాలి. కుదరదంటే వదులుకోండి. పది వేలు పోతాయని బాధపడి 2,85,000 అప్పు నెత్తిన పెట్టుకోవద్దు. ఈ వారంలోనే తేల్చేయండి, రెండో విడత కట్టమని వాళ్లు ఫోన్ చేసే లోపు.