కొయ్యకాళ్లు, దుక్కి, వాలు భూమి: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

నేల సంరక్షణ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో ఎక్కువ మందికి పనికివచ్చే నాలుగింటిని ఈసారి తీసుకున్నాము. మొదటి ప్రశ్న లాంటిది చాలా మంది అడిగారు కనుక దానికి జవాబు కొంత పెద్దదయింది.

ప్రశ్న: పంట కోసిన తరువాత మిగిలే గడ్డిని తగలబెట్టవద్దని విని, నిరుడు మొత్తం గడ్డిని, కొయ్యకాళ్లను నేలలో కలియదున్ని, వారం తిరగకుండానే తరువాతి పంట విత్తాను. మొలక బాగానే వచ్చింది. నెల రోజులకల్లా పైరు పసుపు పచ్చగా మారి ఎదుగుదల ఆగిపోయింది. కాల్చి ఉంటేనే నయమనిపించింది. నేను చేసిన పొరపాటు ఏమిటి?

జవాబు: కాల్చకపోవడం పొరపాటు కాదు. వారం తిరగకుండా విత్తడమే పొరపాటు.

ధాన్యపు పంటల గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. స్థూలంగా ఒక టన్ను ఎండుగడ్డిలో 400 కిలోల కర్బనం ఉంటే నత్రజని 5 కిలోలకు మించదు, అంటే నిష్పత్తి 80కి 1. ఆ గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల శరీరంలో ఈ నిష్పత్తి దాదాపు 8కి 1 మాత్రమే. అవి తిన్న కర్బనంలో మూడింట రెండు వంతులను శ్వాసగా గాలిలోకి వదిలేసి మిగిలిన వంతుతో తమ శరీరాలను పెంచుకుంటాయనుకుంటే, సుమారు 130 కిలోల కర్బనానికి జోడుగా వాటికి 16 కిలోల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 5 కిలోలే కనుక తక్కువ పడిన 11 కిలోలను అవి చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటాయి. పొలంలో గడ్డి అంతా ఒకేసారి కుళ్లదు కనుక నిజంగా పడే కొరత ఇంతకన్నా కొంత తక్కువే ఉండవచ్చు గాని, అది పడే సమయం మాత్రం లేత పైరుకు నత్రజని అత్యవసరమైన సమయమే. మీ పైరు పసుపు పచ్చగా మారింది ఆ పోటీ వల్లనే అయి ఉంటుంది. సూక్ష్మజీవులు చనిపోయిన కొద్దీ ఆ నత్రజని తిరిగి మట్టిలో చేరుతుంది, అయితే అప్పటికి పైరు వయసు దాటిపోతుంది.

గడ్డిని కాలిస్తే ఈ పోటీ ఉండదన్నది నిజమే. దానికి మీరు ఇచ్చుకునే మూల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గడ్డిలోని కర్బనం, నత్రజని దాదాపు పూర్తిగా పొగలో పోతాయి. పొటాష్‌లో ఎక్కువ భాగం బూడిదలో మిగులుతుంది గాని, ఆ బూడిదకు గాలి నుంచి, మొదటి వాన నుంచి రక్షణ ఉండదు. పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల లోపలి దాకా వెళుతుంది. వీటన్నిటికీ మించి, ఎండకూ వానకూ అడ్డంగా ఉండవలసిన కప్పు పోయి నేల బోడిగా మిగులుతుంది.

ఈసారి ఇలా చేసి చూడండి. గడ్డిని ముక్కలు చేసి, నేలలో పదును ఉండగానే పై పొరలో మాత్రమే కలిపి, విత్తడానికి కనీసం మూడు నాలుగు వారాల వ్యవధి ఇవ్వండి. తేమ లేని నేలలో గడ్డి నెలల తరబడి అలాగే ఉండిపోతుంది కనుక, వ్యవధి ఎంత ముఖ్యమో పదును కూడా అంతే ముఖ్యం. అంత వ్యవధి లేకపోతే ఎరువుగా వేయదలచిన నత్రజనిలో కొంత భాగాన్ని విత్తే సమయానికి జరపాలి. జనుము, జీలుగ వంటి పప్పుజాతి పచ్చిరొట్టలో నత్రజని ఎక్కువ కనుక దానిని గడ్డితో కలిపి దున్నితే కొరత చాలావరకు తీరుతుంది. ఇవేవీ కుదరని పక్షంలో గడ్డిని నేల మీదనే కప్పుగా పరచి ఉంచడం మేలు. మట్టితో తాకిడి తక్కువగా ఉన్నప్పుడు కుళ్లడమూ నెమ్మదిస్తుంది, నత్రజని కోసం పోటీ కూడా తగ్గుతుంది.

నీరు నిలబెట్టి వరి పండించే మడులకు ఒక హెచ్చరిక చేయాలి. ఇంకా కుళ్లని గడ్డిని కలియదున్ని వెంటనే నీరు పెడితే గాలి ఆడని బురదలో అది మీథేన్‌గా మారుతుంది. వందేళ్ల వ్యవధికి లెక్కగడితే ఒక కిలో మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి, ఒక కిలో బొగ్గుపులుసు వాయువు శక్తికి 27 రెట్లకు పైగా ఉంటుంది. అదే గడ్డిని నీరు పెట్టడానికి 30 రోజులకు ముందే పొడి దుక్కిలో కలిపితే, గడ్డి వల్ల అదనంగా పుట్టే మీథేన్ మూడో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. పంట కాలంలో కూడా మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల లోపలికి దిగిన తరువాత మళ్లీ తడి ఇచ్చే పద్ధతి ఉంది. మట్టిలో పాతిన చిల్లుల గొట్టంలోకి తొంగి చూస్తే ఆ మట్టం తెలుస్తుంది. పూత దశలో మాత్రం మడి ఆరకుండా చూసుకోవాలి.

ప్రశ్న: దున్నకుండా సాగు చేస్తే గాలిలోని బొగ్గుపులుసు వాయువు నేలలో చేరి భద్రపడుతుందనీ, దానికి రైతుకు డబ్బు కూడా వస్తుందనీ చెబుతున్నారు. నమ్మవచ్చా?

జవాబు: సగం నమ్మవచ్చు. ముందుగా చిన్న లెక్క చూద్దాం. ఒక హెక్టారులో 30 సెంటీమీటర్ల లోతు వరకు ఉన్న మట్టి సుమారు 3,900 టన్నులు తూగుతుంది. అందులో సేంద్రియ పదార్థాన్ని ఒక్క శాతం పెంచాలంటే 39 టన్నులు, అంటే దాదాపు 22 టన్నుల కర్బనం, నేలలో నిలవాలి. ఏటా 5 టన్నుల గడ్డిని నేలకు ఇస్తున్నారనుకుంటే అందులోని కర్బనం 2 టన్నులు. దానిలో పదో వంతు దీర్ఘకాలం నిలిచినా ఏడాదికి 200 కిలోలే చేరుతుంది. ఆ ఒక్క శాతానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. మూడు నాలుగేళ్లలో ఒక శాతం పెంచుతామని ఎవరైనా మాట ఇస్తే, బయటి నుంచి ఎన్ని బళ్ల ఎరువు తెస్తారని అడగండి.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఒక గోధుమ పొలంలో 1843 నుంచి ప్రయోగం సాగుతున్నది. అక్కడ ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తున్న మడిలో సేంద్రియ కర్బనం రెట్టింపుకు మించింది. అయితే మొదటి దశాబ్దాలలో వేగంగా సాగిన ఆ పెరుగుదల తరువాత మందగించింది. నేల కర్బనాన్ని దాచుకోగలదు గాని దానికీ ఒక హద్దు ఉంటుంది, ఎరువు మానేస్తే దాచుకున్నది మళ్లీ కరుగుతుంది.

దుక్కి మానిన పొలంలో మరొక చిక్కు కూడా ఉన్నది. దున్నినప్పుడు గడ్డీ గాదమూ అడుగు లోతు దాకా కలిసిపోతాయి, దున్నకపోతే పైన ఐదు పది సెంటీమీటర్లలోనే ఉండిపోతాయి. కనుక పై పొర మట్టినే పరీక్షకు పంపితే కర్బనం బాగా పెరిగినట్టు కనిపిస్తుంది. అదే పొలంలో 60 సెంటీమీటర్ల లోతు వరకు తీసి పోల్చితే చాలాసార్లు ఆ తేడా తగ్గిపోతుంది. అలాగని దుక్కి మానడం వృథా అనడం లేదు. నేల కోత తగ్గుతుంది, తేమ నిలుస్తుంది, ఇంధనం మిగులుతుంది, వానపాముల బొరియలు చెదరవు. నా దృష్టిలో దుక్కి మానడానికి ఈ నాలుగే అసలు కారణాలు. కాకపోతే దుక్కి మానడానికి ముందు అడుగున గట్టి పొర ఉంటే దానిని ఒకసారి పగలగొట్టాలి, కలుపు కోసం ఏటేటా మందుల మీదనే ఆధారపడకుండా పంట మార్పిడినీ, నేలను కప్పి ఉంచడానికి వేసే కప్పు పంటనూ వాడుకోవాలి. నేల మీద గడ్డి కప్పు కూడా లేకుండా ఊరికే దున్నడం మానేస్తే పై మట్టి గట్టిపడి దిగుబడి తగ్గవచ్చు.

ప్రశ్న: మాది వాలు భూమి. ప్రతి వానకూ ఎర్రటి నీళ్లు పారుతాయి. గట్లు వేశాము, తెగిపోయాయి. ఏం చేయాలి?

జవాబు: పొలమంతటా ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి కొట్టుకుపోతే కంటికి ఏ తేడా కనిపించదు గాని, హెక్టారుకు అది 10 ఘనపు మీటర్లు, అంటే సుమారు 13 టన్నులు. పోయేది కూడా ఎరువు పట్టుకునే సన్నని మట్టే. పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను తాకి మట్టి రేణువులను విడగొడుతుంది, వాటిని మోసుకుపోయే పని తరువాత ప్రవాహం చేస్తుంది. కనుక మొదటి పని చినుకు నేలను నేరుగా కొట్టకుండా పైరో గడ్డో అడ్డంగా ఉంచడం, రెండవది నీటి వేగాన్ని తగ్గించడం. గట్లు ఈ రెండవ పనికే పనికివస్తాయి. మీరు మొదటి పని వదిలి రెండవదానితో మొదలుపెట్టారేమో చూసుకోండి.

గట్లు తెగడానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, గట్టు సమతలపు గీత వెంట, అంటే వాలు మీద ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత వెంట, కాకుండా కంటి అంచనాతో వేయడం. అప్పుడు నీరంతా పల్లమైన ఒక్క చోటికి చేరి అక్కడ తెంచుకుపోతుంది. రెండు, పెద్ద వానలో మిగులు నీరు బయటికి పోవడానికి దారి లేకపోవడం. సమతలపు గీత గుర్తించడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. సమానమైన రెండు కర్రలను పైన ముడివేసి, నడుమ అడ్డకర్ర కట్టి, పై ముడి నుంచి రాయి కట్టిన తాడు వేలాడదీస్తే చాలు. రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు తాడు అడ్డకర్రను ఎక్కడ తాకుతుందో ముందే గుర్తు పెట్టుకుని, తాడు ఆ గుర్తు మీదకు వచ్చిన చోటల్లా మేకులు పాతుకుంటూ పొలం ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. ఆ మేకుల వరుస వెంటనే దున్నాలి, ఆ వరుస వెంటనే విత్తాలి.

మట్టి గట్టుకు బదులుగా, లేదా దాని మీద, వట్టివేరు గడ్డిని సందు లేకుండా దగ్గర దగ్గరగా నాటితే ఇంకా మంచిది. గడ్డి వరుస నీటిని ఆపదు, జల్లెడ పట్టినట్టు వడకట్టి వదులుతుంది, మట్టి దాని వెనకే నిలుస్తుంది. కొన్నేళ్లకు అక్కడ మెట్లు వాటంతట అవే తయారవుతాయి. వరుసకూ వరుసకూ మధ్య ఎత్తు తేడా ఒకటి రెండు మీటర్లకు మించకుండా చూసుకోండి. మిగులు నీటికి ఒక పక్కగా గడ్డి పెంచిన కాలువ వదలండి, ఆ కాలువను ఎట్టి పరిస్థితిలోనూ దున్నవద్దు.

ప్రశ్న: పొలం గట్ల మీద చెట్లు, పొదలు ఉంచితే పురుగులకు ఆశ్రయం ఇచ్చినట్టు కాదా?

జవాబు: కొంత వరకు అవుతుంది, అయితే ఆ పురుగులను తినేవాటికి కూడా అదే ఆశ్రయం. పంటను తినే పురుగుల గుడ్లలో గుడ్లు పెట్టే సన్నని కందిరీగలకు తేనె కావాలి, పంటలో పూత లేని నెలల్లో వాటికి గట్టు మీది పూలే దిక్కు. మీ పంట కుటుంబానికే చెందిన కలుపు మొక్కలను మాత్రం గట్టు మీద ఉండనివ్వకండి. పంట లేని కాలంలో వైరస్ తెగుళ్లు వాటిలోనే దాగి ఉంటాయి.