గుడికి 5 లక్షలు ఇస్తే పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. పెన్షన్ ఏడాదికి 7.5 లక్షలు, 22 లక్షల ఎఫ్‌డీల మీద వడ్డీ 1.5 లక్షలు వస్తుంది. తిరుమల అన్నప్రసాదం ట్రస్టుకు, మా ఊరి రామాలయానికి కలిపి 5 లక్షలు ఇవ్వాలని నేనూ నా భార్యా మొక్కుకున్నాం. ఉన్న ఎకరం పొలం కూడా గుడి పేర రాయాలని ఉంది. పన్ను కలిసొచ్చేలా ఎలా ఇవ్వాలి?

జవాబు: మాస్టారూ, ముందు పన్ను సంగతి తేల్చేద్దాం. విరాళాలకు ఇచ్చే 80జీ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. అందులోనూ ఇచ్చిన దాంట్లో సగానికే, అదీ ఒక పరిమితి వరకే. స్టాండర్డ్ డిడక్షన్, సీనియర్ సిటిజన్ల వడ్డీ మినహాయింపు పోగా మీ ఆదాయం 8 లక్షలు. అందులో 10 శాతం, అంటే 80 వేలు లెక్కలోకి వస్తుంది. దాంట్లో సగం 40 వేలు తగ్గిస్తారు. 5 లక్షలు ఒకేసారి ఇచ్చినా మీకు పన్నులో మిగిలేది సెస్‌తో కలిపి 8,320 రూపాయలే. మిగతాది వచ్చే ఏడాదికి బదిలీ కాదు. అదంతా చేశాక కూడా పాత విధానంలో మీరు 64 వేలకు పైగా పన్ను కట్టాలి.

కొత్త విధానంలోనైతే 2025-26 నుంచి 12 లక్షల వరకు పన్ను లేదు. మీ 9 లక్షలకు కట్టాల్సింది సున్నా. కాబట్టి మీకు 80జీ అవసరమే లేదు. ఇవ్వాలనిపించిన చోట నిశ్చింతగా ఇవ్వండి.

మీ అబ్బాయో అమ్మాయో పాత విధానంలో ఉండి, వాళ్లూ ఇవ్వాలనుకుంటే 80జీ వాళ్లకు పనికొస్తుంది. వాళ్ల ఖాతా నుంచే పంపాలి, రసీదు వాళ్ల పాన్‌తో ఉండాలి. నగదుగా 2 వేలు దాటితే మినహాయింపు రాదు. బియ్యం బస్తాలు, వెండి కిరీటం లాంటివి ఇచ్చినా రాదు. ఊరి గుడి కమిటీకి 80జీ నమోదు ఉందో లేదో ముందే అడగమనండి. చాలా చిన్న గుళ్లకు ఉండదు.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఆ 5 లక్షలు ఒకేసారి తీయడం. 22 లక్షల్లో అది దాదాపు పావు వంతు. ఈ వయసులో ఒక్క ఆపరేషన్ చాలు, ఎఫ్‌డీలు విరగ్గొట్టాల్సి వస్తుంది. ఏటా లక్ష చొప్పున అయిదేళ్లు ఇవ్వండి. చాలావరకు వడ్డీలోంచే సరిపోతుంది, అసలు కదలదు, మొక్కూ తీరుతుంది. అన్నప్రసాదానికి ఆన్‌లైన్లో పంపండి. రామాలయానికి చెక్కు ఇచ్చి, దేనికోసమో రాయించి రసీదు తీసుకోండి: ధూపదీప నైవేద్యాలకా, ప్రాకారానికా అన్నది. దేవాదాయ శాఖ కింద ఉన్న గుడైతే ఈవో గారి కార్యాలయం రసీదే అడగండి.

పొలం విషయంలో మాత్రం తొందరపడవద్దు. దానపట్టా రిజిస్టరైతే అది ఇక మీది కాదు, వెనక్కి రాదు. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన అలాగే రాసిచ్చేశారు. ఏడాది తిరగకుండా భార్య వైద్యానికి అప్పు చేయాల్సి వచ్చింది. వీలునామా అయితే బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మీ తర్వాత అమ్మగారు యావజ్జీవం అనుభవించి, ఆ పైన గుడికి చెందాలని రాయవచ్చు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయించండి, పిల్లల మధ్య పేచీ వచ్చే అవకాశం తగ్గుతుంది. స్వార్జితమైతేనే మొత్తం రాయగలరు. పిత్రార్జితమైతే మీ వాటా వరకే.

కాబట్టి లాయరు దగ్గరికి వెళ్లేముందు పాసుపుస్తకం, లింకు డాక్యుమెంట్లు తీసి, ఆ పొలం మీకు ఎలా వచ్చిందో చూసుకోండి. అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆ కాగితంలో ఆవిడ బతుకుదెరువు కూడా ఉంది.