రంగు పక్కన పెట్టి సూదిని చూడమ్మా

చెల్లీ, ఆలిస్ వాకర్ నవల ‘ది కలర్ పర్పుల్’ (1982)లో ఊదారంగు తప్ప వేరే ప్రతీక దొరకలేదని, సోమవారమే సెమినార్ అని టెన్షన్ పడుతున్నావు కదా. ముందు బొంతను పట్టుకో. సవతికొడుకు హార్పోకు అతని భార్య సోఫియాను కొట్టమని చెప్పింది కథానాయిక సీలీయే. సోఫియా వచ్చి నిలదీశాక, పాడైన కర్టెన్లతోనే ఇద్దరూ బొంతముక్కలు కుడతారు. మన అనంతపురం పల్లెల్లో అవ్వలు పాతచీరలతో కుట్టే బొంత చూసే ఉంటావు, చిరిగినదేదీ పారేయరు.

తర్వాత, చెల్లెలు నెట్టీ రాసిన ఉత్తరాలను భర్త ఏళ్లతరబడి దాచాడని తెలిసి, సీలీ మంగలికత్తితో అతని గొంతు కోయాలనుకుంటుంది. సీలీ ప్రేమించే గాయని షుగ్ ఆ చేతికి సూది అందిస్తుంది. ఆ సూదితో కుట్టిన ప్యాంట్లే సీలీకి బతుకుతెరువు అవుతాయి. నా దృష్టిలో నవలకు గుండెకాయ ఇదే. పేపర్ ఇక్కడే మొదలుపెట్టు, ఊదారంగుకు ఒక్క పేరా చాలు.