అమ్మానాన్నల్ని అప్పుడే రమ్మనకు

సింధూ,

మనలా వినపడనివాళ్లకి శబ్దాలు పట్టిచ్చే కుక్క, నీకు సరిపడేది దొరికిందట, వచ్చే నెలలో ఇంటికి వస్తుందట. అన్నయ్య మెసేజ్ పెట్టాడు. కిందే ఇంకో మెసేజ్: "మేము కూడా గుంటూరు నుంచి అప్పుడే బయల్దేరుతున్నాం, ఆరు నెలలు ఉంటాం." మొదటిది చదివి కళ్లు తుడుచుకున్నాను. రెండోది చదివాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఈ కుక్కల్ని తయారుచేసి ఇచ్చే హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్ సంస్థ వాళ్లు ఇక్కడ బ్రిటన్‌లో 1982 నుంచి ఇదే పనిలో ఉన్నారు, వాళ్లు చెప్పినట్టు చెయ్యి. బయటికెళ్తే దానికి వాళ్లిచ్చే ముదురు ఎరుపు కోటు తొడుగు. టాక్సీవాడు ఎక్కించుకోనంటే 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ అనే ఇక్కడి చట్టం ఉంది. ఆరోగ్య కారణాలతో మినహాయింపు ఉన్న డ్రైవరైతే తప్ప కాదనకూడదు, కుక్క కోసం ఎక్స్‌ట్రా డబ్బులూ అడగకూడదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ పెట్టకు. ద్రాక్ష అసలే వద్దు. పరమాన్నంలోని ఎండు ద్రాక్ష కింద పడినా ఏరి పారెయ్, కుక్కల కిడ్నీలకి అది విషం. "ప్రసాదమేగా" అని వదిన అంటుంది. వినకు. కుక్క వచ్చింది కదా అని అలారం మోగితే దిండు కింద వణికి నిన్ను లేపే ప్యాడ్ తీసెయ్యకు.

ఇక నా భయం సంగతి.

టోబీ నా దగ్గరికి 2011లో వచ్చాడు. కాకర్ స్పానియల్, చెవులు నేల ఊడ్చేవి. బెల్ మోగినా, అవెన్ టైమర్ మోగినా వచ్చి ముక్కుతో నా కాలు పొడిచేవాడు. నేను చేతులు తిప్పి "ఏంటి?" అనగానే ముందు నడిచి అక్కడికి తీసుకెళ్లేవాడు. స్మోక్ అలారానికి మాత్రం తీసుకెళ్లడు. "ఏంటి?" అంటే అక్కడే నేల మీద పడుకుంటాడు. మనిషిని మంట వైపు తీసుకెళ్లకూడదు కదా, అందుకని అలా నేర్పుతారు. ప్రతిసారీ ఒక బిస్కెట్ ముక్క, కాస్త ముద్దు. అదే వాడి జీతం.

మరుసటి చలికాలం మా అత్తగారు, ఆడపడుచు కుటుంబం వచ్చారు. ఇంటినిండా చెవులున్న మనుషులు. బెల్ మోగగానే ఎవరో ఒకరు పరుగు. టోబీ నన్ను పిలిచి తీసుకెళ్లేసరికి తలుపు తీసే ఉండేది. పోపు పెడితే అలారం, గారెలు వేస్తే అలారం. ఇక్కడి వంటిళ్లు మన ఎండుమిర్చి పొగకి కట్టినవి కావుగా! టోబీ వచ్చి నా ముందు పడుకునేవాడు. ఆడపడుచు అలారం కింద టవల్ ఊపుతూ "ఏం లేదులే" అనేది. నేనూ వాడితో "ఏం లేదు, పోరా" అనేదాన్ని. పిండి చేతులు, బిస్కెట్ ఎక్కడిస్తాను?

ఆ మాట ఎంత మండిస్తుందో నీకు తెలుసు. అందరూ నవ్వుతారు, ఏమైందని అడిగితే "ఏం లేదులే, తర్వాత చెప్తా". ఆ తర్వాత ఎప్పుడూ రాదు. ముప్పై ఏళ్లు ఆ మాట పడ్డదాన్ని, నాకు చెప్పడానికే వచ్చే ఒక్క ప్రాణిని పట్టుకుని అదే మాట అన్నాను.

వాళ్లు వెళ్లిన వారానికి, పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోయి మేడ మీద బట్టలు మడతపెడుతున్నాను. పక్కనే పడుకున్న టోబీ తల ఎత్తాడు. తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ తల వాల్చేశాడు. చెవి కదులుతుంటే ఈగేమో అనుకున్నాను. నాకు వాసన తగిలి కిందికి పరిగెత్తేసరికి గిన్నె మాడి, పక్కనున్న గుడ్డ అంటుకుని, కర్టెన్ సగం పోయింది. ఎవరికీ ఏం కాలేదు. ఆర్పి వెనక్కి తిరిగితే వాడు మెట్ల మీద తోక ముడుచుకుని నిలబడి ఉన్నాడు. వాడికి వినపడింది. నేనే పట్టించుకోవద్దని నేర్పాను.

ట్రైనర్ వచ్చింది. ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేది. మళ్లీ మొదటి నుంచి. మావయ్య రోజూ అలారం బటన్ నొక్కడం, వాడు పడుకోవడం, నేను బిస్కెట్ ఇవ్వడం. రెండు నెలలు పట్టింది.

అందుకే, అమ్మానాన్నల్ని కొన్నాళ్లు ఆగమను. ముందు నువ్వూ అదీ కలిసి కుదురుకోండి. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను. అన్నయ్యకి నా మీద కోపం కొత్తేం కాదు. చిన్నప్పుడు నీకు సరిగా వినపడట్లేదని మొదట అన్నదాన్ని నేనే, ఏడాది మాట్లాడలేదు నాతో. వదినకి మడి బెంగ ఉంటే ఇది చెప్పు: టోబీ ఉన్నన్నాళ్లూ దేవుడి గది గడప దాటలేదు. కానీ మావయ్య హారతి గంట కొడితే వంటింట్లోకి వచ్చి నన్ను పొడిచేవాడు. అది ఎవరూ నేర్పలేదు, పిచ్చి వెధవ.

చూడాలని నాకూ ఉంది, కానీ నేనూ ఆగుతాను. వచ్చిన రోజు బెల్ కొట్టి బయటే నిలబడతాను. కిటికీలోంచి కనపడ్డా తలుపు తీయకు తల్లీ. అది వచ్చి నిన్ను పిలవనీ. వాన పడుతున్నా సరే.

నీ
అత్త